పోర్టు ఇరవై ఒకటి, అరండల్‌పేట

మే నెల. గుంటూరు.
రోడ్డు మీద తారు చెప్పుల్ని ఉండిపొమ్మంటోంది.
నేను ఇంట్లో, బీరువా పక్కన,
పన్నెండేళ్ల పాత డీటీపీ మిషనుకి
కొత్త పని నేర్పుతున్నాను.
పెళ్లి కార్డులు, కరపత్రాలు, వర్ధంతి ఫ్లెక్సీలు,
ఎందరి పేర్లు అచ్చుతప్పుల్లేకుండా మోసిందో అది.
ఇక పేర్లు అడగొద్దన్నాను.

ఎవరైనా సరే,
అనానిమస్ అని కొడితే చాలు.
పాస్‌వర్డ్ వాళ్లిష్టం.
ఏ చెవి పెట్టినా తిరిగే తాళం.

సలోమి గుమ్మంలో నిలబడి చూసింది.
"దొంగలు రారా?"
"వస్తారు."
"మరి?"
ఆ మరికి రెండు రాత్రులు పట్టింది.
వచ్చినవాళ్లు ముందుగది దాటి
వంటింట్లోకి పోకుండా గోడ కట్టాను.
వినొచ్చు, పట్టుకుపోవచ్చు, చెరపడానికి లేదు.
ఇన్‌కమింగ్ అని ఒక ఫోల్డరు పెట్టాను,
చర్చిలో కానుకపెట్టె లాంటిది.
వెయ్యడమే, లోపల ఎవరిదెంతో కనపడదు.
ఇరవై ఒకటో నంబరు తలుపు ఎవరు తట్టినా
ఈ మూలకే పంపమని రౌటరుకి చెప్పాను.
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
మా ఇంటి అడ్రసు మారిపోతుంటే
దానికో ముద్దుపేరు తగిలించాను.

లోపల ఏముందంటే,
మా మామగారు, హార్మోనిస్టు ఏసుదానం.
నూట ముప్ఫయ్యెనిమిది క్యాసెట్లు.
అన్నీ రిహార్సల్సే, తెనాలివీ, రేపల్లెవీ, చేబ్రోలువీ.
పాడినవాళ్లకి పోస్టర్లున్నాయి, శాలువాలున్నాయి.
వాళ్లకి శ్రుతి పట్టినాయనకి
ప్రతి టేపులో ఒక దగ్గు ఉంది.
తీసెయ్యొచ్చు, సాఫ్ట్‌వేరుంది.
సలోమి వద్దంది.

మొదటివారం వచ్చినవాళ్లెవరూ మనుషులు కారు.
ఎక్కడెక్కడి యంత్రాలో గొళ్లెం కదిపి,
ఏమీ దొరక్క పోయాయి.
తర్వాత ఒకరు. పాస్‌వర్డ్ దగ్గర
ఇంగ్లీషు అక్షరాల్లో: మంచినీళ్లు.
ఎందుకలా కొట్టారో.
లాడ్జి సెంటర్ చలివేంద్రంలో
కుండ దగ్గర కూర్చునే ముసలాయన గుర్తొచ్చాడు.
గ్లాసు అందిస్తాడు గానీ
తలెత్తి మొహం చూడడు.

జూన్‌లో ఒక రాత్రి, మూడు దాటాక,
కానుకపెట్టెలో ఒక ఫైలు పడింది.
వైరస్సేమోనని విడిగా తెరిచాను.
ఏదో వంటగది. కుక్కరు విజిలు.
ఒకావిడ, వయసు మళ్లిన గొంతు,
ఏ తోడూ లేకుండా సీసపద్యం ఎత్తుకుంది.
మూడో పాదంలో,
ఊపిరి తీసుకోకూడని చోట తీసుకుని
ఒక అక్షరం మింగేసింది.

అది మామగారి తప్పు.
ఎందరు దిద్దినా ఆయన దిద్దుకోని తప్పు.
ఇంకెవరి దగ్గరా దొరకదు,
ఆయన ఎదురుగా కూర్చుని
ఆయన నోరు చూస్తూ నేర్చుకుంటే తప్ప.

పొద్దున్నే సలోమికి వినిపించాను.
మళ్లీ పెట్టమంది. మళ్లీ.
"ఆడవాళ్లకి పాఠం చెప్పనని
అమ్మకి మాటిచ్చాడు నాన్న," అంది.
అంతే అంది.
పొయ్యి మీద పాలు పొంగి పోయాయి.

లాగ్‌లో ఐపీ ఉంది, నాలుగు చుక్కల మధ్య కాసిని అంకెలు.
కాస్త కష్టపడితే ఊరు తెలుస్తుంది,
ఇంకాస్త పడితే వీధి.
వెతకనా అన్నట్టు చూశాను.
ఆమె పమిట చెంగుతో
మిషను మీద దుమ్ము తుడిచింది.
"దీనికి ఎండ తగులుతోంది, అటు జరుపు," అంది.

జరిపాను.
ఆ రాత్రి లాగు చెరిపేశాను,
ఇక మీదట రాయొద్దని కూడా చెప్పాను.
ఆ ఫైలుని టేపుల వరసలో చివర పెట్టి
పేరు అడిగిన చోట
నూట ముప్ఫై తొమ్మిది అని కొట్టాను.