టోకెన్ రెండొందల పద్నాలుగు

పల్ప్ ఫ్యాక్టరీ గేటుకాడ్నించి
బంగారుపాళ్యెం రోడ్డు మలుపుదాకా ట్రాక్టర్లే.
మాది రెండొందల పద్నాలుగు.
మూడో రాత్రి.
టార్పాలిన్ కింద తోతాపురి కాయ
మగ్గతా, తియ్యటి ఆవిరి వదుల్తా ఉంది.

ట్రాలీ కింద గోనెపట్ట మింద
మా అక్క కొడుకు చెంగల్రాయుడు
కార్డులేస్తా ఉండాడు.
ఫోను నాదే, సిమ్మూ నాదే, ఆట వాడిది.
మొగమంతా నీలం వెలుతురు.

"చూడు మామా,
పెద్దకార్డు ముందరే ఎయ్యకూడదు.
ఇనుపేనుగుకి ఏడు చుక్కల సత్తువ గావాల.
అది ఏసినావంటే చెయ్యి ఖాళీ.
ఎదుటోడు మూడు చుక్కలకే ఎలకల గుంపునొదిల్తే
నీ ఏనుగుకి బొమికలు గూడా మిగలవు.
చిన్నకార్డేసి వాడి చెయ్యి చూడాల.
పది చుక్కలూ నిండినాక నిమ్మళంగా దించాల.
ఓపికుండేవోడే గెలిచేది."

ఓపిక.
టార్పాలిన్ ఎత్తి చూసినా.
అడుగు వరసలో కాయ వేలికి దిగబడతా ఉంది.
ఫ్యాక్టరీవోడికి చుక్కలు నిండతానే ఉండాయి,
మాకు కారిపోతా ఉండాయి.
పొద్దున కిలో ఆరు. మద్దేనం అయిదు.
మాపటికి బోర్డు మింద సుద్దముక్కతో నాలుగు.

టైమెంతయిందో చూద్దామని ఫోను తీసుకుంటే
అప్పుడే పడింది బ్యాంకు మెసేజీ,
ఎనబై తొమ్మిది రూపాయలు పొయినట్టు.
"ఏందిరా ఇది?"
"పెట్టె మామా. వెండిపెట్టె.
ఊరికే తెరవాలంటే ఎనిమిది గంటలు కాసుకోవాల.
రత్నాలు కొంటే ఇప్పుడే."
"లోపలేముంది?"
"తెరిస్తేనే తెలిసేది."

నాకొచ్చేది ఒకటే లెక్క, కిలోల లెక్క.
ఎనబై తొమ్మిదంటే ఇరవై రెండు కిలోలు,
పైన ఒక కాయ.
చెట్టెక్కి కొక్కితో కోసింది నువ్వే గదరా,
ఎర్రచీమలు కరిచినాయని
చేతులు చూపించి ఏడ్చింది నువ్వే గదరా
అని నోటికొచ్చినట్టు తిట్టినా.
పక్క ట్రాక్టరు దొరస్వామన్న లేచి కూచోని
బీడీ ముట్టించుకోని మరీ ఇన్నాడు.
వాడు మారు మాట్లాడలా.
పెట్టెలో వాడికొచ్చింది
మళ్ళీ ఎలకల గుంపే. పదకొండోది.

రాత్రి రెండు దాటినాక
టార్చిలైటేసుకోని గేటు మనిషొచ్చినాడు.
పేరు చెప్పలా. జోబీలో రెండు పెన్నులు.
"అయిదు నూర్లిస్తే ముప్పై బండ్లు ముందరికి.
లేదంటే ఎల్లుండి. నీ ఇష్టమన్నా."
కాయ వాసన పీల్చి చూసినా.
ఇంకో దినం ఆగితే
ఊరికి తిరిగి తోలుకోని పెంటదిబ్బలో పొయ్యాల.
చేతిలో నోట్లు లేవు.
"రేయ్ చెంగల్రాయా, ఫోను తే."
వాడు కండ్లు నులుముకుంటా లేచి
గేటు మనిషి ఫోనులో ఉండే గళ్ళబొమ్మకి
మా ఫోను చూపించినాడు.
నాలుగంకెలూ నేనే కొట్టినా.
అవేందో తెలీనట్టు
మొగం పక్కకి తిప్పుకున్నాడు వాడు.
టింగ్ మనింది,
వాడి పెట్టె తెరిచినప్పుడు మోగినట్టే.

తెల్లారి చూస్తే
మా ముందర ఒక్క ట్రాక్టరూ తగ్గలా.
దొరస్వామన్న గూడా ఇచ్చినాడంట.
ఆయన ముందరోడూ, వాడి ముందరోడూ,
మలుపుకాడ ఉండేవోళ్ళూ అంతా ఇచ్చినారంట.
అందరమూ ముప్పై బండ్లు ముందరికొచ్చి
ఎవురి చోట వాళ్ళమే ఉండాము.
దొరస్వామన్న దగ్గొచ్చేదాకా నవ్వినాడు.
నాకు నవ్వు రాలా.

బోర్డు మింద మూడున్నర.
చెంగల్రాయుడు టార్పాలిన్ కింద చెయ్యిపెట్టి
మెత్తటి కాయొకటి తీసి
ట్రాలీ అంచుకేసి కొట్టి, చీల్చి,
టెంక లేని సగం నాకిచ్చినాడు.
ఎనబై తొమ్మిది గురించి వాడెత్తలా,
అయిదు నూర్ల గురించీ ఎత్తలా.
"ఒక ఆట ఆడతావా మామా?
నువ్వెయ్యి, నేను చెప్తా."

బ్యాటరీ ఆరు శాతం.
రసం అంటిన వేలికి కార్డు కదలలా.
లుంగీకి తుడుచుకోని మళ్ళీ నొక్కినా.
మొదటి కార్డే, ఏనుగు.
చుక్కలెన్ని ఉండాయో చూడనే లా.