లోపలి మడత

"ఊపిరి బిగవట్టకు పిలగా,
అద్దం ముందటి కడుపుకు కాదు
అన్నం తిన్న కడుపుకు కుట్టాలె ప్యాంటు"
అన్నడు మొగిలయ్య, నోట్ల గుండుసూది పెట్టుకొని.

మట్టెవాడ సందుల
మెట్ల కింద ఇరికిన దుకాణం.
నా నడుమెంతో
మొదటిసారి ఇంకొకరి నోట విన్న.
ముప్ఫయి ఒకటిన్నర.

నక్కలగుట్టల ఆడిట్ ఆఫీసు, సోమారం నుంచి కొలువు.
కాగితం మీద టైపు కొట్టి ఇచ్చిన్రు:
లేత రంగు అంగి, నిండు చేతులది,
ముదురు ప్యాంటు, నల్లటి తోలు బూట్లు,
టక్కు తప్పనిసరి.
మొదటి జీతం ఎన్నడో మాత్రం
ఆ కాగితం మీద లేదు.

మొగిలయ్య దాన్ని తిప్పి వెనుకవైపు చూసిండు.
"రాయనియి ఇంకా ఉంటయి, ఇను.
బెల్టూ బూటూ ఒక్క తల్లి పిల్లలోలె ఉండాలె.
కూసున్నప్పుడు కాలి ఎంట్రుక కనవడొద్దు.
జేబుల పెన్ను ఒక్కటే,
రెండు పెడితే అడుగుతరు, మూడు పెడితే పోతయి.
మెరిసే గుడ్డ పెండ్లికి దాసుకో.
నువ్వు లేచిపోయినంక వాళ్లకు
నీ లెక్క యాదికుండాలె,
నీ అంగి గాదు."

ఇగ చెయ్యి సాపుమన్నడు.

ముంజేతి మీద పచ్చబొట్టు:
ఓదెలు, ఎల్కతుర్తి.
ఆరేండ్లప్పుడు మేడారం జాతరల
మా మేనత్త పొడిపిచ్చింది,
గంత మందిల తప్పిపోతే
ఎవలన్న సదివి పట్టుకొస్తరని.
సూది నొప్పి మర్సిపోయిన,
చేతులంటిన బెల్లం జిగట యాదికుంది.

మొగిలయ్య చూసిండు.
టేపు భుజం మీంచి మణికట్టు దాక గుంజి
"ఇరవై నాలుగు" అని బయటికన్నడు.
పుస్తకంల మాత్రం
ఇరవై నాలుగున్నర రాసుకున్నడు.

ఆఫీసుల నన్ను ఎవలూ ఏమనలే.
రెండే అంగీలు: ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద.
కోట్లున్న మిల్లు సావుకారి
రబ్బరు చెప్పులతోని టపటప వస్తడు,
ఆయన లెక్క రాసే మేము
బూట్లు బిగించుకొని లేచి నిలవడుతం.
రోహిణి కార్తె. కరెంటు పోయింది.
కుడిచేతి గుండీ ఇప్పుదామని
ఎడమచెయ్యి రెండుసార్లు పోయి
రెండుసార్లు వాపసొచ్చింది.

ఎనుమాముల యార్డుల సరుకు లెక్కకు తోలిన్రు.
మిరప బస్తాలు గుట్టలు గుట్టలు,
తుమ్మనోడు లేడు.
"సారూ, చేతులు మలుసుకో,
కారం దూరితే ఇడువదు" అన్నడు ఒక హమాలీ.
ఫర్వాలేదన్న.
నూట పన్నెండో బస్తా కాడ
చెమట కారాన్ని కఫ్ లోపలికి తీస్కపోయింది.
పేరున్న జాగంత మంట,
అక్షరం అక్షరం అంటుకున్నట్టు.

ఉరికి నల్ల కాడ నిలవడి
అంగి మోచేతి దాక ఎత్తిన.

ఆ హమాలీ నీళ్లు పోస్తాంటె పోస్తాంటె ఆగిండు.
బడికి సగమే పోయినోడు గావచ్చు,
ఏలు పెట్టి కూడబలుక్కున్నడు:
ఓ... దె... లు.
ఎల్... కతుర్తి.

"ఎల్కతుర్తా?
ఎవరి పిలగానివిరా నువ్వు?"

అప్పటి దాక సారు నేను.

నల్ల నీళ్లు పోతనే ఉన్నయి.
మా అత్త పేరు చెప్పిన.

మల్ల సాయంత్రం గుండీ పెట్టుకున్న,
పెట్టుకోకుంటె ఎట్ల, బస్సు దిగి ఆఫీసుకే పోవాలె.

ఏడాదికి ప్యాంటు బిగుసుకుంది.
మొగిలయ్య నడుం కుట్టు బ్లేడుతోని ఇప్పిండు.
లోపల మడిచి పెట్టిన
రెండేళ్ల వెడల్పు గుడ్డ బయటవడ్డది.
ఎండ తగలనిది, సబ్బు తగలనిది,
కొన్ననాటి రంగు.
దాని పక్కన నా ప్యాంటు
ఎంత వెలిసిందో అప్పుడు కనవడ్డది.

"రెండు రంగులు కనవడుతయేమో" అన్న.
"బెల్టు కిందికి పోతది తియ్యి" అన్నడు,
మిషను తొక్కుకుంట.