ఇరవై మిల్లీమీటర్లు

మురకంబట్టు రోడ్డులో ఏలుమలై టైర్ల కొట్టు ముందర
నా బండి జాకీ మీద లేచి ఉంది,
కాలవ దాటేదానికి లుంగీ ఎగ్గట్టిన మనిషి మాదిరి.

"కంపెనీవోడు నూట నలభై ఐదు వేసి పంపినాడు,
నువ్వు నూట అరవై ఐదు అంటావు.
ఎత్తు అంతే సార్, అడ్డం పెరుగుతుంది.
రిమ్ము సన్నం.
పిలగాడికి నాయన చెప్పులు తొడిగినట్టుంటాది."
చెప్పి, ఒకసారి నా మొహం చూసి
స్పానరు అందుకున్నాడు.

నా మొహంలో ఏముండిందో నాకు తెలుసు.
సొసైటీ బ్యాంకు ముందర
మేనేజరు బండికీ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు బండికీ నడుమ
నాది నిలబడితే
అటెండరు మునిరత్నం నవ్వేవాడు:
"సార్, మీ కొంగ వచ్చినాది."
పదకొండేళ్ళ ఆల్టో. కొంగకాళ్ళే.
ఇన్నేళ్ళలో ఎన్నడూ తగలని మాట
ఈ జూన్‌లో తగిలింది.
ప్రమోషన్ల లిస్టు వచ్చిన నెల అది.
ఆ లిస్టు గురించి ఇంతకంటే చెప్పను.

మొదటి వారం రాజ్యం నాది.
మొగిలి ఘాట్ వంపుల్లో తడిసిన తారును
గుప్పిట్లో పట్టుకున్నట్టు పట్టుకునింది బండి.
తోతాపురి ట్రాక్టర్లు కార్చిపోయిన రసం మీద కూడా
జారలేదు, తొణకలేదు.
ఊరికే రెండుసార్లు పలమనేరు పోయొచ్చినా.
లీటరుకు ఇరవై వచ్చేది పదిహేడుకు దిగింది,
ఆ లెక్క ఎవరికీ చూపలేదు.
మా వీధి మలుపులో స్టీరింగు నిండా తిప్పితే
లోపలి ప్లాస్టిక్కును రబ్బరు రాసుకుని
ఎండుకొబ్బరి కోరినట్టు గర్రుమనేది.
పాట సౌండు పెంచుకున్నా.

మోహనాంబ ఏమీ అనలేదు.
నలభై నాలుగో ఏట నేర్చుకునింది డ్రైవింగు,
పోలీసు గ్రౌండులో, రెండు ఇటుకల మధ్య రివర్సు చేస్తా,
కుడి మణికట్టులో స్టీలు ప్లేటుతో.
తవణంపల్లె అంగన్‌వాడీకి
వెనకసీటులో గుడ్ల ట్రేలు పేర్చుకుని
ఒక్క గుడ్డు పగలకుండా పోయేది.

నాకు తెలిసింది మోకాళ్ళ వల్ల.
తను నడిపిన పొద్దల్లా సీటు ముందుకు లాక్కుంటుంది,
సాయంత్రం నేను ఎక్కితే డాష్‌బోర్డు టక్కున తగుల్తుంది,
గొణుక్కుంటా వెనక్కి నెడతాను.
పద్దెనిమిది రోజులు నేను గొణగలేదు.
పద్దెనిమిది రోజులు
నా సీటు నాకు సరిగ్గా ఉంది.

"గుడ్లు ఎట్ల పోతుండాయి?" అన్నా.
"షేర్ ఆటోలో. ఒళ్ళో పెట్టుకుని."
"బండి?"
మణికట్టు తిప్పి చూపించింది. ఎముక పక్కన వాపు.
"తిరగడంలే నాకు. బాగుండాది కదా నీకు, ఉండనీ."

ఆ 'ఉండనీ' తోనే తిట్టుంటే బాగుండేది.

ఆదివారం ఏలుమలై కొట్టుకు పోయినా.
"మీ పాతవా? రెండు కూరగాయల బండికి పోయినాయి సార్.
ఇంకో రెండు అదో."
ఒకటి మూలన, లోపల వాననీళ్ళతో.
ఇంకోటి స్తంభానికి బోర్డు మాదిరి వేలాడతా ఉంది,
అంచు మీద తెల్ల పెయింటుతో 'పంచ' దాకా రాసి
'ర్' రాయకుండా వదిలేసినాడు.
"కొత్తవి నాలుగూ తిరిగి తీసుకో" అన్నా.
సగం రేటు చెప్పినాడు.
నాకూ లోభం ఉంది, దాచను.
ముందుకు రెండు పాతవి ఎక్కించి
వెనక రెండూ వెడల్పువే ఉంచుకున్నా.

సోమవారం మునిరత్నం బండి చుట్టూ తిరిగి చూసినాడు.
ముందు సన్నం, వెనక బలుపు,
ఎడమ చక్రం మీద పంచ.
"ఇప్పుడు కొంగ కాదు సార్, కప్ప."
మేనేజరు కూడా నవ్వినాడు.
నేనూ నవ్వినా, కొంచెం ఆలస్యంగా.

మంగళవారం పొద్దు వాలినాక
కొట్టుకు పోయేదానికి డోరు తీసి కూర్చున్నా.
టక్!
మోకాలు రుద్దుకుంటా కాసేపు అట్లనే ఉండిపోయినా,
సీటు వెనక్కి నెట్టకుండా.
వెనకాల గడ్డి మీద ఒక గుడ్డు మిగిలుంది.