తొమ్మిది రోజులు

ఈ ఆటకు గడియారం లేదనేవారు ఒకప్పుడు.
స్టేడియం కింద, లాండ్రీ గది పక్కన
నా కుట్టుమిషను దగ్గర మాత్రం
అన్నీ తేదీలే.

ఓనేసిమో తవారెస్, క్యాచర్.
ఇంగ్లీషులో ఏడక్షరాలు,
రెండో 'ఎ' నెత్తిన చిన్న గీత.
అక్షరాలు మిషను కుడుతుంది.
ఆ గీత చేత్తో కుట్టాలి.
పదేళ్లుగా కుడుతున్నాను.

పదేళ్లని నేనంటున్నాను గాని
కాంట్రాక్టు అలా అనదు.
దానికి నూట డెబ్బై రెండు రోజులైతే ఒక ఏడు.
అలాంటివి పది నిండి
చివరి ఐదూ ఒకే జట్టులో గడిపినవాడు
"నేను వెళ్లను" అనొచ్చు.
ఆ రెండు మాటల కోసం
గొంతుక్కూర్చుని గొంతుక్కూర్చుని
మోకాళ్లు అరగదీసుకున్నాడు.

ఆగస్టు తొమ్మిదికి నిండేవి.
ఇవాళ జులై ముప్పై ఒకటి.
సాయంత్రం ఆరింటికి బేరాల తలుపు మూసేస్తారు.

పై అంతస్తులో వాళ్లు చెడ్డవాళ్లు కారు,
లెక్క తెలిసినవాళ్లు.
కాదనగలిగినవాణ్ణి అమ్మాలంటే
ముందు వాణ్ణే బతిమాలుకోవాలి.
కాదనలేని ఆఖరి సాయంత్రమే
అన్నిటికన్నా మంచి ముహూర్తం.
మిగిలిన జీతంలో సగం మేమే భరిస్తామన్నారట.
అంటే ఇంకో రెండేళ్లు
మనల్ని ఓడించడానికి
మనమే అతనికి కూలి ఇస్తాం.
బదులుగా ఒక ఎడమచేతి పిచర్,
ఇంకో కుర్రాడు.
వాడి పేరు తర్వాత చెబుతారట.
కాగితంలో అలాగే రాసి ఉంటుంది,
"పేరు తర్వాత".

ఆ తొమ్మిది రోజులూ ఎక్కడ పోయాయో
ఈ భవనంలో నాకొక్కదానికే తెలుసు.

అప్పుడూ ఆగస్టే.
కింది లీగు నుంచి తవారెస్‌ని పిలుస్తున్నారని
చొక్కా కుట్టి అట్టపెట్టెలో పెట్టాను.
అతనికి చోటివ్వడానికి ఇంటికి పోవాల్సిన
లోవెల్ కెస్లర్ వచ్చి
నా దారపు డబ్బాల మధ్య కూర్చున్నాడు.
ముప్పై ఎనిమిదేళ్లవాడు, ఈ లెక్కలో ముసలివాడు.
పెళ్లాం పిల్లలు ఒమాహా నుంచి కారులో వస్తున్నారన్నాడు.
అంతకుమించి ఏమీ అడగలేదు.
నేనే మెట్లెక్కి వెళ్లాను.
ఇక్కడి ఆటలయ్యేదాకా కెస్లర్‌ని ఉంచమన్నాను.
"ఆ కుర్రాడికి వయసుంది,
తొమ్మిది రోజులకు ఏం కొంపలంటుకుంటాయి?"
అన్నది నేనే.
నవ్వి సరేనన్నారు.
కెస్లర్ ఒక్క హిట్టూ కొట్టలేదు.
పిల్లలు మాత్రం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఐదూ నలభైకి తవారెస్ వచ్చాడు,
కాళ్లకు ప్యాడ్లు విప్పకుండానే.
వేలు కొరుక్కుంటూ గోడ మీద క్యాలెండరు చూశాడు.
నోటిదాకా వచ్చింది, చెప్పేద్దామనుకున్నాను.
"అక్కడ ఆ గీత కుడతారంటావా?" అన్నాడు.
కుట్టకపోతే అడుగు, అన్నాను.
"అడిగితే కుడతారా?"
ఆ ప్రశ్నకు నా దగ్గర దారం లేదు.
చీటీ మీద ఏడక్షరాలూ రాసి
రెండో 'ఎ' మీద పెన్సిల్ గట్టిగా ఒత్తి ఇచ్చాను.
మడిచి గ్లవ్‌లో పెట్టుకున్నాడు.

ఆరు దాటాక పైనుంచి ఫోను:
రేపటికి రెండు చొక్కాలు.
పిచర్ పేరు విని రాసుకున్నాను.
రెండోదాని వీపు ఖాళీగానే ఇస్త్రీ చేశాను.
ఆ కుర్రాడు ఈ వేళకి ఏ ఊళ్లోనో
బస్సు కిటికీకి తలానించి నిద్రపోతూ ఉంటాడు,
ఒక క్యాచర్‌కి తూకం వేసిన పళ్లెంలో
తానూ ఉన్నాడని తెలియక.
వాడి రోజులు ఎవరు లెక్కపెడుతున్నారో.
ఈసారి మెట్లెక్కి నేనేమీ అడగను.