మినిట్స్‌లో లేనివి

ప్రాంతీయ మండలి మూడో సమావేశం.
బయట గలీసియా వాన, కిటికీ అద్దాల మీద అడ్డంగా.
గోడకి పటం. ఉన్న కంపోస్టు తొట్లు ఆకుపచ్చ చుక్కలు,
లేనివి ఎర్రవి.
కొండంతా అమ్మవారు పోసినట్టుందని ఎవరో గొణిగారు.
రాసుకున్నాను. కొట్టేశాను.

తడిచెత్త లారీ ఖాళీగా కొండెక్కుతుంది,
నిండుగా దిగుతుంది,
నూటపది కిలోమీటర్లు పోతుంది.
అందులో ముప్పాతిక నీళ్ళే.
"నీళ్ళని ఊరేగిస్తున్నాం, డీజిలు పోసి మరీ"
అన్నాడు లెక్కలు చూసే బాల్తసార్.
పదకొండేళ్ళలో అతను నవ్వించడం అదే మొదలు.

తీరం వాళ్ళకి పెద్ద యంత్రం కావాలి:
హోటళ్ళు, ఆక్టోపస్ తలకాయలు, ఆగస్టు కంపు.
కొండవాళ్ళు చెక్క తొట్లు చాలన్నారు,
తొట్లతో పాటు ఒక మనిషికి జీతం.
జీతం అనగానే
గొంతులన్నీ సన్నబడ్డాయి.
ఇనుముకైతే నిధులున్నాయి,
పార పట్టే చేతికి పద్దు లేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒతీలియా లేచింది,
గొడుగు ఇంకా కారుతూనే ఉంది.
"నిన్న మా తొట్టిలో అరవై రెండు డిగ్రీలు.
మా ఇంట్లో పద్నాలుగు."
నవ్వారు.
ఆమె నవ్వలేదు, అందుకని ఆపేశారు.

"ఆరిళ్ళ వాళ్ళం. తొక్కలూ, కాఫీ పిప్పీ, మిగిలిన చారూ
మోసుకొచ్చి పోస్తాం.
తడి మా దగ్గరుంది, పొడి లేదు.
కొమ్మల పొట్టు పంపుతామన్నారు, రెండు చలికాలాలయింది.
పొట్టు పడితే గాలాడుతుంది, మాగుతుంది.
పడకపోతే కుళ్ళుతుంది.
పక్కింటాయన ముక్కు మూసుకుని
మళ్ళీ మీ లారీ దగ్గరికే పోతాడు."

కూచుంది.
సంచిలోంచి ఓ జాం సీసా తీసి బల్ల మీద పెట్టింది.
ఎవరూ మూత తియ్యలేదు.

ప్రాధాన్యాల జాబితా ఖరారైంది.
ఒకటి: యంత్రానికి స్థలం. రెండు: అవగాహన కరపత్రాలు.
ఏడు: కొమ్మల పొట్టు, వీలును బట్టి.

అందరూ వెళ్ళాక సీసా మూత తీశాను.
వాసన చెత్తది కాదు.
మాగి నల్లబడి, ఎవరి తొక్కలు ఏవో చెప్పలేని మెత్తదనం.
గుడ్డు పెంకు ముక్కొకటి మాత్రం ఇంకా తెల్లగా, మొండిగా.

టైపు చేస్తుంటే
ఏడుకి పోవాల్సిన వేలు
ఒకటి మీద జారింది.
"వీలును బట్టి" అన్నది కూడా ఎక్కడో రాలిపోయింది.
పన్నెండు మంది చదివి సంతకాలు పెట్టారు,
చదివారనే అనుకోవాలి.

మార్చిలో మొదటిసారి లారీ
నిండుగా కొండెక్కింది,
నలభై బస్తాల యూకలిప్టస్ పొట్టుతో.
జీతం సంగతి ఇంకా తేలలేదు.
పార ఒతీలియా దగ్గరే ఉంది.