మధ్యాహ్నం పన్నెండున్నరకు రాత్రి

సండర్‌లాండ్‌లో నవంబరు ముసురు.
ఆస్పత్రి క్యాంటీన్ కిటికీ అవతల
సముద్రమూ ఆకాశమూ కలిపి ఒకే ఉతకని దుప్పటి.
నా భోజనానికి ముప్పై నిమిషాలు.
ఆ ముప్పై నిమిషాలూ
ఆస్ట్రేలియాలో ఒక కొండ మీద
రాత్రి పదకొండున్నర.

పెరుగన్నం డబ్బా మూత తీస్తూ
ఫోన్లో ఒక మీట నొక్కుతాను.
పదివేల మైళ్ళ అవతల
నేనెన్నడూ తాకని టెలిస్కోపు
నిదానంగా మెడ తిప్పుతుంది,
పేరు పెట్టి పిలిచిన గేదెలా.

నాక్కావలసిన చుక్కల గుంపు
ఈ ఊళ్ళో ఏనాడూ పొడవదు,
ఎంత మబ్బులేని రాత్రయినా.
మా మేనత్త మిద్దె మీంచి
పిల్లలకోడిని చూపించింది, గొల్లకావిడిని చూపించింది.
ఇది ఆవిడ ఆకాశానికీ అంచు కిందే ఉండిపోయింది.
మనవాళ్ళెవరూ పేరు పెట్టక
జాబితాలో నలభై ఏడుగా మిగిలింది.
నా గదికొచ్చే మనుషులూ అంతే,
ముందు నంబరు, తర్వాత మనిషి.

నిమిషం చొప్పున పన్నెండు ఫోటోలు.
ఎక్కువసేపు తెరిస్తే నడిమధ్య కాలిపోతుంది,
పాకం ముదిరిన రవ్వలడ్డులా
ఏ పలుకూ విడిగా మిగలదు.
తక్కువైతే అంచునున్న బీద చుక్కలు రానేరావు.
ఈ బేరం నాకు కొత్త కాదు.
పొద్దున్నుంచీ చేసిందదే:
ఎముకకు ఎంత, ఊపిరితిత్తికి ఎంత.

అన్నిటికంటే ముందు
మూత వేసి చీకటిని ఫోటో తీయాలి.
ఏమీ లేనప్పుడు కూడా
ఏదో చూశానంటుంది కెమెరా.
ఆ అబద్ధం ఎంతో కొలిచి
తర్వాత వచ్చే నిజంలోంచి తీసెయ్యాలి.
నన్ను కూడా ఎవరైనా
ఒకసారి అలా తీసి ఉంచితే బాగుణ్ణు.

ఆ పొద్దున తొమ్మిదింటికి
నార్మన్ హైండ్‌మార్ష్, డెబ్బై నాలుగేళ్ళు,
మూతపడిన ఓడల కార్ఖానాలో వెల్డరు.
గడ్డం పలకకు ఆనించమన్నాను.
గాలి పీల్చండి. ఊపిరి బిగపట్టండి.

తెర మీద
రెండు ఊపిరితిత్తుల నిండా
సజ్జలు చల్లినట్టు.
ఎవరో చేటెడు సజ్జలు
ఒడుపుగా, ఒకదాని మీద ఒకటి పడకుండా.
నాకు మొదట కలిగింది భయం కాదు.
ఏం కలిగిందో చెప్పుకోవడానికి సిగ్గు.

"ఏం కనబడింది, బంగారం?"
"డాక్టరుగారు చెబుతారు."
మాకు చూసే హక్కుంది, చెప్పే హక్కు లేదు.

మూడో ఫోటో. నాలుగు.
ఐదోదాన్ని ఒక ఉపగ్రహం అడ్డంగా గీరిపోయింది.
ఏడు దగ్గర అక్కడా మబ్బు పట్టింది.
సగం డబ్బు వెనక్కిస్తామని సందేశం.
గీతపడిందాన్ని పక్కనపెట్టి
మిగిలిన ఐదూ ఒకదాని మీద ఒకటి పేర్చాను.
పదమూడు వేల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు
మా ఆవకాయ బద్ద పక్కన
చల్లగా, కిక్కిరిసి.
అన్నం సగం మిగిలిపోయింది.

పదిరోజులకు ఆయన మళ్ళీ వచ్చాడు, మాస్కుతో.
పేరు తెలిసిందట, మందులు మొదలయ్యాయట,
"ఉచ్చ కూడా నారింజ రంగే" అని నవ్వబోయి దగ్గాడు.
బల్ల మీద నా ఫోను వెలిగింది.
వంగి చూశాడు.
వెల్డింగు అతుకును చూసే కళ్ళతో,
చాలాసేపు.

"నాదేనా ఇది?"

కాదన్నాను.
చాలా దూరానిదన్నాను.
ఈ ఊళ్ళో కనబడదన్నాను.
ఇంకేదో కూడా అనబోయాను.
"అదృష్టం దానిది," అన్నాడు,
"రోజుకు పదేసి మాత్రలు మింగక్కర్లేదు."

గడ్డం పలకకు ఆనించాడు.
నేను చెప్పకముందే
ఊపిరి బిగపట్టాడు.
ఫోటో వచ్చేసింది.
తెర మీద సజ్జలు ఎక్కడివక్కడే ఉన్నాయి,
లేక కొంచెం పలచబడ్డాయేమో,
లెక్కపెడుతూ ఉండిపోయాను.

అద్దం అవతల ఆయన,
ఇంక వదలమంటావా అన్నట్టు,
ఒక వేలు పైకెత్తాడు.