తరుగు, పెరుగు

మార్చి ముప్పై ఒకటి, రాత్రి పదకొండు.
కొరుక్కుపేట గేటు దాటి గూడ్సు బండి పోయింది,
మా ఇంటి గోడ ఇంకా వణుకుతూనే ఉంది.
నా ముందు బిస్కెట్ డబ్బా నిండా రసీదులు,
సగం వానకి తడిసి ఆరినవి.
ఒకటి అప్పడంలా, ముట్టుకుంటే విరుగుతోంది.

పగలు ఇనప సామాన్ల కొట్లో బిల్లులు రాస్తాను.
అక్కడ మేకు మేకుకీ లెక్క సరిపోతుంది.
ఇక్కడ, ఈ ఫుట్‌బాల్ పిల్లల చిట్టాలో,
ఆరేళ్ళుగా ఏ ఏడూ సరిపోలేదు.

జమ.
రంగుల కంపెనీ వాళ్ళ చెక్కు, ఒకసారి తిరిగొచ్చి మళ్ళీ వేస్తే పడింది.
పాత పేపర్లు అమ్మితే పన్నెండు వందల నలభై.
టీ కొట్టు మస్తానయ్య శనివారం శనివారం ఇచ్చే చిల్లర.
పేరు రాయొద్దంటాడు.
"టీ" అని రాశాను.

ఖర్చు.
బంతులు రెండు. బ్లాడరు మూడుసార్లు.
గీతలకి సున్నం. వానొచ్చింది, మళ్ళీ సున్నం.
మైదానం కిరాయి. లైటు కిరాయి.
లైటు వెలగని రోజుకీ కిరాయి.

వరదరాజులు గారు సాయంత్రమే వచ్చి పుస్తకం చూశారు.
ఫీజు అడగరు, ప్రశ్నలు మాత్రం వదలరు.
"బూట్లు పదహారు జతలు. వీటికి తరుగు వెయ్యాలమ్మా,
ఏటా ఇంత చొప్పున, విలువ సున్నా అయ్యేదాకా."
వేశాను.
ఎబినేజర్ విడిచినవి దానమ్మ తొడుక్కుంది,
దానమ్మకి బొటనవేలు ఒత్తుకోగానే ముత్తు.
కాగితం మీద ఇప్పుడు వాటి విలువ సున్నా.
ఆ సున్నా తొడుక్కునే మొన్న
మాధవరం జట్టు మీద వాడు రెండు గోల్స్ కొట్టాడు.

"మరి ఈ పెరుగేంటి? నలభై ప్యాకెట్లా?"
ఆటయ్యాక అన్నంలో కలిపింది, అన్నాను.
అన్నం పూంగొడి టీచర్ ఇంటిది.
ఆ బియ్యానికి రసీదు లేదు, అడిగితే కసురుతుంది.
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ
తరుగు కింద పెరుగు రాసిన పుస్తకం
తన సర్వీసులో ఇదే మొదటిదన్నారు.
నవ్వుతున్నారో లేదో తెలియక నేనూ నవ్వలేదు.
మెట్లు దిగుతూ నవ్వడం వినిపించింది.

లోటు మూడు వందల డెబ్బై ఆరు.
ఎక్కడికి పోయిందో నాకు తెలుసు.
సెమీఫైనల్ రోజు దానమ్మ చెయ్యి విరిగితే
స్టాన్లీ ఆస్పత్రికి ఆటో, నొప్పి మాత్రలు,
ఏడుపు ఆపడానికి ఒక గోలీ సోడా.
సోడాని ఏ పద్దులో వెయ్యను?

పర్సు తీసి ఆ మూడు వందల డెబ్బై ఆరూ డబ్బాలో పెట్టాను.
దాత పేరు రాసే చోట పెన్ను ఆగింది.
"టీ" అని రాశాను.

తెల్లారితే ఏప్రిల్.
బ్లాడరు మళ్ళీ గాలి పోతోందట.